పచ్చ టిక్కు

మా సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు లోకం మొత్తం మీద ఒకే ఒక్క కంప్యూటర్లో సవ్యంగా బిల్డ్ అయ్యేది, అంటే రాసిన కోడ్ నడిచే ప్రోగ్రామ్‌గా మారేది. అది మా సీనియర్ గారి కంప్యూటర్. ఆయన సెలవు పెడితే ప్రాజెక్టుకీ సెలవే. ఆయనకి జలుబు చేస్తే రిలీజ్ తేదీ కూడా ఆయనతో పాటే ముసుగు తన్ని పడుకునేది. మిగతావాళ్ళం ఎవరి కోడ్ వాళ్ళం రాసుకుని, ఆయనకి పంపించి, "అన్నా, అయిందా?" అంటూ ఆయన కుర్చీ చుట్టూ తిరిగేవాళ్ళం. ఆ ప్రదక్షిణలు ఆయనకి బాగానే ఉండేవి.

మేనేజర్ గారికి మాత్రం బాగుండలేదు. ఏదో మీటింగ్‌లో సీఐ, అంటే కంటిన్యువస్ ఇంటిగ్రేషన్, అన్న మాట విని వచ్చారు. ఎవరు కోడ్ పుష్ చేసినా, అంటే అందరి ఉమ్మడి చోటికి పంపినా, ఎక్కడో ఒక ఖాళీ మెషీన్ నిద్రలేచి, ఆ కోడ్‌ని దింపుకుని, మొదటి నుంచీ కంపైల్ చేసి, టెస్టులు నడిపి, బాగుంటే పచ్చ టిక్కు, లేకపోతే ఎర్ర ఇంటూ పెట్టి మాయమైపోతుంది. ఇదేం కొత్త విద్య కాదు. ఈ పని చేసే హడ్సన్ 2005లోనే వచ్చింది, 2011లో పేరు మార్చుకుని జెంకిన్స్ అయింది. "చూశారా, మనం ఎంత వెనకబడ్డామో!" అన్నారు మేనేజర్ గారు. "పక్క టీమ్ వాళ్ళు పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రానికి ముగించారటండీ."

పక్క టీమ్ వాళ్ళది స్క్రిప్టింగ్ భాష. ఫైలు పెట్టి నడిపితే నడుస్తుంది. మాది అలా కాదు. కంపైలర్ కావాలి, అది ఏ వెర్షనో తెలియాలి, హెడర్ ఫైళ్ళు ఎక్కడున్నాయో చెప్పాలి, లైబ్రరీలు చూపించాలి, చివర్లో ముక్కలన్నీ అతికించే లింకర్ అలిగితే బతిమాలుకోవాలి. ఇదంతా వివరించబోతే మేనేజర్ గారు వాచీ చూసుకున్నారు. పని సీనియర్ గారి మీద పడింది.

మొదటి గొడవ ట్యాబ్ దగ్గర వచ్చింది. మాకు ఒక పాత మేక్‌ఫైల్ ఉంది, ఏది ఎలా కంపైల్ చెయ్యాలో మేక్ అనే ప్రోగ్రామ్‌కి చెప్పే ఫైలు. అందులో కమాండ్ ముందు ట్యాబ్ ఉండి తీరాలి, స్పేస్‌లు పెడితే "మిస్సింగ్ సెపరేటర్. స్టాప్." అని కూర్చుంటుంది. మేక్‌ని 1976లో బెల్ ల్యాబ్స్‌లో రాసిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గారికే ఈ ట్యాబ్ సంగతి కొన్నాళ్ళకి ఇబ్బందిగా తోచిందట. కానీ అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, వాళ్ళని కష్టపెట్టడం ఎందుకని వదిలేశారట. ఆ డజను మంది మొహమాటానికి అర్ధ శతాబ్దంగా మిగతా ప్రపంచం ట్యాబ్ కొడుతోంది. సీఐ సెట్టింగులు రాసే యామిల్ ఫైల్ దీనికి పూర్తిగా రివర్స్. అక్కడ వరస జరపడానికి ట్యాబ్ నిషిద్ధం, స్పేస్‌లే పెట్టాలి. మా సీనియర్ గారు ఎడిటర్ సెట్టింగ్ ఒకసారి అటూ ఒకసారి ఇటూ మారుస్తూ, మార్చిన ప్రతిసారీ ఒక ఫైలుని బాగుచేసి ఇంకోదాన్ని పాడుచేస్తూ ఒక పూట గడిపారు.

యామిల్‌కి ఇంకో గుణం ఉంది. అడగకపోయినా సాయం చేస్తుంది. బిల్డ్ స్క్రిప్ట్ కోసం పైథాన్ 3.10 కావాలని రాస్తే, అది దశాంశ సంఖ్య కాబోలనుకుని చివరి సున్నా దండగ అని తీసేసి 3.1 అని చదువుకుంది. మెషీన్ ఆ పురాతన వస్తువు కోసం వెతికి, దొరకలేదని ఎర్ర ఇంటూ పెట్టింది. కొటేషన్ మార్కుల మధ్య పెట్టాక గానీ దానికి నమ్మకం కుదరలేదు.

ఈ ఫైలుతో వచ్చిన చిక్కేమిటంటే, సరిగ్గా రాశామో లేదో తెలియాలంటే పుష్ చేసి చూడటమే మార్గం. అందువల్ల ఆ వారం మా కమిట్ చరిత్ర, అంటే చేసిన ప్రతి మార్పుకీ పెట్టిన పేర్ల జాబితా, చదివితే ఒక మనిషి పతనం కళ్ళకి కట్టేది. మొదట "సీఐ కాన్ఫిగరేషన్ చేర్చబడింది" అని నిండుగా ఉంది. తర్వాత "చిన్న సవరణ". ఆ కింద "సవరణకి సవరణ". ఇంకాస్త కిందికి పోతే "ఈసారి ఖాయం", "ఇదే ఆఖరు", "ఆఖరు 2". చివర్లో ఒక కమిట్‌కి పేరు చుక్క. ఒట్టి చుక్క.

యామిల్ ఒప్పుకున్నాక కోడ్ వంతు వచ్చింది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నట్టు, సీనియర్ గారి కంప్యూటర్లో గర్జించే కోడ్ ఆ ఖాళీ మెషీన్ ముందు మ్యావ్ అంది. హెడర్ ఫైలు పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది, దాన్ని పిలిచిన చోట చిన్న అక్షరం ఉంది. మా అందరివీ విండోస్ మెషీన్లు, వాటికి ఆ తేడా పట్టదు. సీఐలో ఉన్నది లినక్స్, దానికి అవి ఇద్దరు వేర్వేరు మనుషులు. క్యాపిటల్ అక్షరాలు పెట్టనందుకు మన లిపికర్తలకి ఆ రోజు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత ఒక లైబ్రరీ దొరకలేదు. "అదేంటి, ఉందిగా!" అని సీనియర్ గారు తన కంప్యూటర్లో ఫోల్డర్ తెరిచి చూపించారు. ఉంది, నిజమే. ఎప్పుడు పెట్టారో, ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ వెర్షనో ఆయనకీ గుర్తులేదు. మా ప్రాజెక్టు ఇన్నాళ్ళూ ఆ ఫోల్డర్ పుణ్యాన బతుకుతోందని అప్పుడే మాకూ తెలిసింది.

అది దాటితే హెచ్చరికలు. ప్రతి వార్నింగ్‌నీ ఎర్రర్‌గా చూడమని ఎవరో మహానుభావుడు ఎప్పుడో ఒక ఆప్షన్ పెట్టిపోయాడు. మా పాత కంపైలర్ చూసీ చూడనట్టు పోయేది. సీఐలోది కొత్త కంపైలర్, మొదటిరోజు ఉద్యోగంలో చేరిన ఇన్‌స్పెక్టర్ లెవెల్లో వచ్చింది. వాడని వేరియబుల్ ఇక్కడ, సైన్ ఉన్న సంఖ్యనీ లేని సంఖ్యనీ పోల్చారు అక్కడ అని తిరిగిన ప్రతి మూలా రాసుకుంది. వాటిని సరిచేస్తుంటే ఒక పాత కామెంట్ బయటపడింది: "ఇది తాత్కాలికం."

బిల్డ్ మరీ నెమ్మదిగా ఉందని మా టెస్టర్ ఒక సలహా ఇచ్చాడు. మేక్‌కి జె ఆప్షన్ ఇస్తే పనులు ఒకేసారి నడుస్తాయట. ఇచ్చారు. దాని పక్కన ఎన్ని అనే అంకె మాత్రం పెట్టలేదు. అంకె లేకపోతే హద్దు లేదు, ఉన్న ఫైళ్ళన్నిటికీ ఒక్కసారే కంపైలర్లు లేస్తాయి. మా టెంప్లేట్ కోడ్‌కి ఒక్కో కంపైలర్ మెమరీ ఎలా తింటుందో చెప్పుకుంటే బాగుండదు. మెమరీ అయిపోయాక లినక్స్ కెర్నల్ చేతికందిన కంపైలర్ని చంపేసి ఊపిరి పీల్చుకుంది. లాగ్‌లో "కిల్డ్" అనీ, "టెర్మినేటెడ్" అనీ కనిపించేసరికి మేనేజర్ గారు కంగారుగా ఫోన్ చేశారు. "ఏమైందండీ? ఎవరికేమైంది?"

ఇలా నడుస్తుండగా ఒక రోజు మధ్యాహ్నం, ఏ శకునమూ లేకుండా, పచ్చ టిక్కు పడింది.

సీనియర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కాసేపు స్క్రీన్ వంకే చూసి, మళ్ళీ రీఫ్రెష్ చేసి చూసి, "అయింది" అన్నారు. మేనేజర్ గారు పది నిమిషాల్లో పైవాళ్ళందరికీ మెయిల్ కొట్టారు. అందులో "నూటికి నూరు శాతం టెస్టులు పాస్" అన్న వాక్యం లావు అక్షరాల్లో ఉంది. పచ్చ టిక్కు స్క్రీన్‌షాట్ కూడా జతచేశారు.

అందరం అభినందనలు చెప్పుకుంటుంటే, కొత్తగా చేరిన అమ్మాయి మెల్లగా అడిగింది. "అన్నా, టెస్టులు సున్నా సెకన్లలో అయిపోయాయేంటి?"

"మంచి మెషీన్ అమ్మా," అన్నారు సీనియర్ గారు.

"మన దగ్గర ఇరవై నిమిషాలు పడుతుంది కదా."

"చాలా మంచి మెషీన్."

ఆ అమ్మాయి వాదించలేదు, లాగ్ తెరిచింది. అడుగున, టెస్టులు నడిపే సీటెస్ట్ ఒక వాక్యం రాసి పెట్టింది. "నో టెస్ట్స్ వర్ ఫౌండ్" అని, చివర మూడు ఆశ్చర్యార్థకాలు. దానికే అంత ఆశ్చర్యం వేసింది గానీ మాకెవరికీ వేయలేదు. బిల్డ్ సూచనలుండే పై స్థాయి సీమేక్ ఫైల్లో టెస్టింగ్ ఉందని చెప్పే ఒక్క లైను లేదు. టెస్టులు కనపడలేదు, కనపడనివి ఫెయిల్ అవ్వలేదు, ఫెయిల్ ఏదీ లేదు కాబట్టి ప్రోగ్రామ్ సున్నా అని చెప్పి వెళ్ళిపోయింది. ఈ లోకంలో సున్నా అంటే విజయం. ఇంకే పరీక్షలోనూ లేని సౌకర్యం ఇది.

ఆ లైను పెట్టారు, టెస్టులు లేకపోతే ఎర్రర్ ఇవ్వమని కూడా చెప్పారు. ఈసారి టెస్టులన్నీ దొరికాయి, అన్నీ పాస్ అయ్యాయి. మళ్ళీ పచ్చ. సీనియర్ గారు ఈసారి లేచి నిలబడలేదు, కుర్చీలోనే కొంచెం ముందుకి జరిగారు. అందరూ ఆ అమ్మాయి వైపు చూశారు.

ఆ అమ్మాయి ఒక కొత్త టెస్ట్ రాసింది. రెండూ రెండూ ఐదు. పాస్.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. విషయం ఏమిటంటే, మా టెస్టులన్నీ అసర్ట్‌లతో, అంటే 'ఇది నిజం కాకపోతే అక్కడే ఆగిపో' అనే లైన్లతో, రాసినవి. సీఐలో పెట్టింది రిలీజ్ బిల్డ్, వాడేవాళ్ళకి ఇచ్చే రకం. రిలీజ్ బిల్డ్‌లో సీమేక్ ఎన్‌డీబగ్ అనే గుర్తు పెడుతుంది, అది ఉంటే అసర్ట్‌లు ఒక్కటి మిగలకుండా కోడ్‌లోంచి ఆవిరైపోతాయి. మా టెస్టులు శ్రద్ధగా మొదలై, డేటా అంతా సిద్ధం చేసుకుని, లెక్కలన్నీ వేసి, జవాబు సరిచూడాల్సిన చోట ఏమీ చూడకుండా ఇంటికి వెళ్ళిపోతున్నాయి. సీనియర్ గారు ఇంకోసారి అడిగారు, "ఐదేనా పెట్టింది?"

అసర్ట్‌లు తీసేసి, జవాబు తప్పైతే 1 అని తిరిగిచ్చే సొంత చెక్కు రాసుకున్నాం. రెండూ రెండూ ఐదు టెస్ట్ లాగ్‌లో చక్కగా ఫెయిల్ అయింది. పైన టిక్కు మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. మా టెస్టర్ లాగ్‌ని ఫైల్లో దాచడానికి టెస్ట్ కమాండ్ చివర పైప్ వేసి, అంటే అది రాసేదాన్ని ఇంకో కమాండ్‌కి మళ్ళించి, టీ కమాండ్ తగిలించాడు. పైప్ వేస్తే, కమాండ్లు నడిపే షెల్ మామూలుగా ఆఖరి కమాండ్ ఫలితమే పట్టించుకుంటుంది. టీ పని ఫైల్లో రాయడం, అది ఎప్పుడూ బాగానే రాస్తుంది. మేం ఓడిపోయామని అది ఎంతో అందంగా రాసుకుని, రాయడం సఫలమైందని సున్నా ఇచ్చింది. పైప్‌ఫెయిల్ అనే ఆప్షన్ పెట్టాక టిక్కు పోయి ఎర్ర ఇంటూ వచ్చింది, వస్తూ వస్తూ అసలైన టెస్టుల ఫెయిల్యూర్లన్నీ వెంటబెట్టుకొచ్చింది. విలువ ఇవ్వకుండా వదిలేసిన వేరియబుల్ ఒకటి. మన టైముకి వెనకుండే యూటీసీ గడియారం పెట్టుకున్న మెషీన్‌లో కొన్ని గంటలపాటు నిన్నటి తేదీ చూపించే టెస్ట్ ఇంకొకటి. మిగతావి చెప్పను, అందులో రెండు నావి.

మేనేజర్ గారు వచ్చి నిలబడ్డారు. "మొన్న పచ్చగా ఉంది కదండీ. మీరంతా కలిసి ఏం చేశారు దాన్ని? నేను మెయిల్ కూడా పంపేశాను. పోనీ మొన్నటి వెర్షన్‌కి వెనక్కి వెళ్ళిపోతే?"

సీనియర్ గారు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, ఆ ముఖం చూస్తే తెలుస్తుంది. "కుదురుతుంది గానీ..." అన్నారు. ఆ అమ్మాయి దగ్గింది. ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు.

తర్వాత ఒక్కొక్కటే బాగుచేసుకుంటూ నిజమైన పచ్చ తెచ్చుకున్నాం. రెండూ రెండూ ఐదు టెస్ట్‌ని మాత్రం తీసెయ్యడానికి మనసొప్పలేదు. చెక్కులు పనిచేస్తున్నాయో లేదో చెప్పే సాక్షి అదొక్కటే. సీటెస్ట్‌లో విల్ ఫెయిల్ అని ఒక గుణం ఉంది, అది పెడితే ఆ టెస్ట్ ఫెయిల్ అయితేనే పాస్ కింద లెక్క. దానికి ఆ గుణం తగిలించి వదిలేశాం.

కొన్నాళ్ళకి మేనేజర్ గారు సరదాగా కోడ్ తిరగేస్తూ ఆ టెస్ట్ చూశారు. ఏళ్ళ తర్వాత ఆయనకి పూర్తిగా అర్థమైన కోడ్ అది. ఇంత చిన్న తప్పు ఇంతమంది కంటా పడలేదా అని ఆశ్చర్యపోయి, ఎవరికీ చెప్పకుండా తానే ఐదుని నాలుగు చేసి పుష్ చేశారు. బిల్డ్ ఎర్రబడింది.