బెత్తం తీసేశాం, మరి టీచరుకు ఏమిచ్చాం?

2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక ప్రధానోపాధ్యాయుడు పిల్లలందరి ముందూ సాష్టాంగపడి, గుంజీలు తీశారు. కొట్టలేం, తిట్టలేం, మీరు చదువులో వెనకబడుతుంటే చేతులు కట్టుకుని చూడవలసి వస్తోందన్నది ఆయన ఆవేదన. ఆ వీడియో చూసి చాలామంది చలించారు. విద్యాశాఖ మంత్రి కూడా మెచ్చుకున్నారు. నాకు మాత్రం అందులో నిస్సహాయతే ఎక్కువగా కనిపించింది. పిల్లలపై చెయ్యి ఎత్తకూడదనుకున్న మనిషి కూడా చివరికి శిక్షనే ఆశ్రయించవలసి వచ్చింది, కాకపోతే అది తనకు తాను వేసుకున్న శిక్ష.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లోనే బడుల్లో దండనను నిషేధిస్తూ జీవో ఇచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. 16వ సెక్షన్ ప్రకారం ఎలిమెంటరీ విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా ఎవరినీ బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. ఇవన్నీ ఉండి తీరవలసినవే. పిల్లవాణ్ని తాడుకు వేలాడదీసే వీధిబడుల కోదండం నుంచి నిన్నమొన్నటి గోడకుర్చీ, తొడపాశం దాకా మనం క్రమశిక్షణ అని పిలిచినది చాలావరకు నొప్పి, అవమానం. అయినా ఆ అలవాటు జీవోతో పోలేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. అందులో బడికెళ్లే పిల్లల్లో 65 శాతం మంది తమకు శారీరక శిక్షలు పడ్డాయని చెప్పారు. ఆ రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

వెనక బెంచీలో అల్లరి చేసే ఎనిమిదో తరగతి కుర్రాణ్ని తీసుకోండి. వాచకంలో ఒక పేరా తడబడకుండా చదవలేడు. లేపి చదవమంటే నవ్వులపాలవుతాడు. అదే పక్కవాణ్ని గిల్లితే బయటికి పంపుతారు, పరువు దక్కుతుంది. వాడి లెక్క వాడికి సరిగ్గానే ఉంది. ఎన్ని గుంజీలు తీయించినా చదవడం రాదు కాబట్టి అల్లరీ ఆగదు. ఇంకొకడికి చెవి సరిగా వినిపించదు. మరొక పిల్లకు ఇంట్లో తాగుడు గొడవలతో రాత్రంతా నిద్ర లేదు. ముగ్గురి గురించీ మనం చెప్పే మాట ఒకటే: భయం లేదు.

తల్లిదండ్రులూ అదే అంటారు. ‘నాలుగు తగిలించండి సార్’ అని వాళ్లే అప్పగించి వెళతారు.

హద్దులు వద్దని ఎవరూ అనడం లేదు. తోటి పిల్లలను ఏడిపించేవాణ్ని, టీచరుపైకి చెయ్యెత్తేవాణ్ని చూస్తూ ఊరుకుంటే మిగతా పిల్లలకు అన్యాయం జరుగుతుంది. కానీ హద్దు రోజూ ఒకేలా ఉండాలి, అందరికీ వర్తించాలి. పాడుచేసినది బాగుచేయించడం, పోగొట్టిన పాఠం కూర్చోబెట్టి పూర్తి చేయించడం, అందరి ముందు కాక విడిగా పిలిచి మాట్లాడటం, వాడు మంచి పని చేసిన రోజున కూడా ఇంటికి ఫోను చేయడం: నేర్పున్న టీచర్లు చేసేది ఇదే. వీటికి సమయం కావాలి, ఓపిక కావాలి. కిక్కిరిసిన తరగతిలో, యాప్‌లలో వివరాలు నింపుతూ, ఒంటరిగా ఇది సాగదు.

అందుకే భారమంతా టీచరు మంచితనం మీద వదిలేయడం నాకు కోపం తెప్పిస్తుంది. బీఎడ్‌లో మనస్తత్వశాస్త్రం పరీక్ష రాసినంత మాత్రాన ఎదురుతిరిగే పద్నాలుగేళ్ల పిల్లవాడితో ఎలా మాట్లాడాలో తెలియదు. మండలానికి కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను నియమించాలి. గురుకులాల్లో పిల్లలు రాత్రీపగలూ అక్కడే ఉంటారు కాబట్టి ప్రతి చోటా ఒకరు ఉండాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక గంటైనా పిల్లల పేర్లు బయటపెట్టకుండా నిజమైన సమస్యలను చర్చించాలి. ఏ టీచరు ఏం చేసి చూశారో, ఏది పనిచేయలేదో అక్కడే తేలుతుంది.