కూలి ఇచ్చి కూలికి పోదాం

పొలంలో పని చేసినవాడికి కూలి ఇవ్వాలనే పద్ధతి ఎవరు పెట్టారో గానీ, దేశ ఆర్థిక వ్యవస్థను వందల ఏళ్లు వెనక్కి లాగారు. పని చేసినవాడి దగ్గరే డబ్బు పుచ్చుకుని, నెత్తిన ఒక గడ్డి టోపీ పెట్టి పంపాలి. ఈ సంగతి మొన్న ఫిబ్రవరిలో నాసిక్ వెళ్లేదాకా నాకూ తెలియదు.

"బావా, ద్రాక్ష కోతకు వెళ్దాం. స్లాట్ దొరికింది" అన్నాడు మా బావమరిది. ఒక కుటుంబం నడుపుకునే చిన్న తోట, పక్కనే వైన్ తయారుచేసే వైనరీ. పేరు చెప్పను. చెబితే వచ్చే ఏడాది నాకు స్లాట్ దొరకదు. బావమరిది హైదరాబాద్ శివార్లలో ఉండే అపార్ట్‌మెంట్ స్థలంలో ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోట ఉండేదట. అది అలాగే ఉంటే లిఫ్ట్ దిగి కోసుకునేవాళ్లం, పాపం విమానాల కంపెనీ నష్టపోయేది.

అదే వారం గుంటూరు జిల్లా నుంచి నాన్న ఫోన్. "మిరప కోతకు మనుషులు దొరకట్లేదురా, రెండ్రోజులు వచ్చి పోరాదూ?" ఆఫీసులో రిలీజ్ ఉంది, సెలవు కష్టం అని విడమరచి చెప్పాను. అక్కడ మిరపకు, ఇక్కడ ద్రాక్షకు కోతకాలం ఒకటే అయితే నేనేం చేయను? నాసిక్‌కు మాత్రం మా మేనేజర్ నవ్వుతూ సెలవిచ్చారు. ద్రాక్ష కోయడం 'ఎక్స్‌పీరియన్స్'. మిరప కోయడం పని.

పదకొండు గంటలకు మా కోత మొదలైంది. అసలు కోత అప్పటికే అయిపోయింది. కాయ చల్లగా ఉండగానే, తెల్లవారుజామున కోసేయాలట. ఎండెక్కాక కోస్తే వాసన తగ్గుతుంది, క్రేట్‌లోనే పులుపు పట్టడం మొదలవుతుంది. పేఠ్, సుర్గాణా వైపు పల్లెల నుంచి వచ్చిన ఆదివాసీ కూలీలు వరసలకు వరసలు దులిపేసి, చెట్టు కింద రొట్టె తింటూ మమ్మల్ని చూస్తున్నారు. మాకోసం రెండు వరసలు అట్టేపెట్టారు. అరగంటలో నేను అర క్రేటు నింపాను. అందులో సగం ఆకులు. కత్తెర వేలికి తగిలింది, బ్యాండేజ్ ఖర్చు ప్యాకేజీలోనే ఉంది. నా క్రేటు చూసి ఒక పెద్దావిడ పక్కావిడతో మరాఠీలో ఏదో అంది, ఇద్దరూ పడీపడీ నవ్వారు. "ఎంత స్వచ్ఛమైన నవ్వో!" అని బావమరిది ఫొటో తీశాడు.

తర్వాత తొక్కుడు. చెక్క తొట్టిలో ద్రాక్ష పోసి, పాటలు పెట్టి, పావుగంట టైమిచ్చారు. నా పాదాల మహిమ ఏ సీసాలోకి చేరుతుందోనని ఆ ఇంటి పెద్దకొడుకును అడిగాను. "మీరు తొక్కింది ఎరువు గుంటలోకి పోతుంది సార్" అన్నాడు, చాలా మర్యాదగా. వైన్ అయ్యే కాయ వేరే దారిలో పోతోంది. యంత్రం తొడిమలు తీసేస్తుంది. తెల్ల వైన్‌కైతే రసం పిండి పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తొక్కతో సహా పులియాలి, రంగంతా తొక్కలోనే ఉంటుంది కాబట్టి. పెద్దకోడలు మాత్రం పొద్దుట్నుంచీ పైపు పట్టుకుని ట్యాంకులు, క్రేట్లు కడుగుతూనే ఉంది. వైన్ చేయడమంటే చాలావరకు కడగడమేనంది. ఆ కడుగుడుకు ఎందుకో ఇంకా స్లాట్లు పెట్టలేదు.

ఇంటి పెద్దాయన మాత్రం మా వైపు రాలేదు. తోటలో తిరుగుతూ నాలుగు కాయలు నమిలి, గింజ గోధుమరంగుకు తిరిగిందో లేదో చూస్తున్నాడు. జేబులోంచి చిన్న గొట్టం తీసి, దాని గాజు మీద రసం చుక్క వేసి వెలుతురుకు పెట్టాడు. తీపి 23 బ్రిక్స్, అంటే నూరుపాళ్ల రసంలో ఇంచుమించు 23 పాళ్లు చక్కెర. ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గాక మరోసారి, ఏటా రెండుసార్లు తీగ కత్తిరిస్తే ఒక్క కాపు చేతికొస్తుంది. ఆ కాపు మీద ఒక్క వడగళ్ల వాన పడితే చాలు. ఆయన గొట్టం జేబులో పెట్టుకుని పడమటి మబ్బును చాలాసేపు చూశాడు. మా నాన్న కల్లంలో మిరపకాయలు ఆరబోసి సరిగ్గా అలాగే చూస్తాడు.

చివర రుచి చూసే కార్యక్రమం. గ్లాసు తిప్పాలి, ముక్కు పెట్టాలి, జామకాయ, పచ్చిగడ్డి, క్యాప్సికం వాసన వస్తున్నాయని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాను. మా మామగారిది నల్లగొండ వైపు. కల్లు ఏ రకం తాటిచెట్టుదో, పోతాడా, పరుపుతాడా, పండుతాడా అని నాలుక మీద పడగానే తేల్చేవాళ్లు, ఏ చెట్టుదో కూడా చెప్పేవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. ఇన్నాళ్లూ వాళ్లను తాగుబోతులంటున్నాం. ఇకమీద సొమెలియే, అంటే వైన్ రుచి నిపుణులు, అనాలని తిరుగు ప్రయాణంలో నేనూ బావమరిదీ తీర్మానించాం.

ఇంటికొచ్చాక నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఎంతిచ్చార్రా కూలి?"

"మనమే ఇచ్చాం నాన్నా."

కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "మీ ఆఫీసులో ఇలాంటోళ్లు ఇంకా ఎంతమంది ఉన్నార్రా? టోపీలు కొనాలా, తువ్వాళ్లు సరిపోతాయా?"