పేరు ఒకటే, కార్డులు వేరు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయినా, ఆన్‌లైన్‌లో అయినా గ్రాఫిక్స్ కార్డు కొనేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని జీబీ?" అనే. అమ్మేవాళ్లకు ఇంతకన్నా సులువైన ప్రశ్న ఉండదు. మెమరీ పెంచి పెట్టె మీద పెద్ద అంకె వేయడం తేలిక, లోపలి చిప్‌ను మార్చడమే ఖరీదు. 2014లో ఎన్విడియా కంపెనీ తెచ్చిన జీటీ 730 కార్డునే చూడండి. ఆ ఒక్క పేరుతో మూడు రకాలు అమ్మారు. ఒకదాంట్లో అంతకుముందు తరం చిప్, 96 కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే చిన్న యూనిట్లు). మిగతా రెండింట్లో 384 కోర్లు ఉన్నా, ఒకదానికి నెమ్మదైన డీడీఆర్3 మెమరీ, ఇంకోదానికి వేగమైన జీడీడీఆర్5. డీడీఆర్3 రకం సెకనుకు 14.4 జీబీ డేటా అందిస్తే, జీడీడీఆర్5 రకం 40 జీబీ అందిస్తుంది. అందుకే 2 జీబీల జీడీడీఆర్5 కార్డు ముందు 4 జీబీల డీడీఆర్3 కార్డు ఆటల్లో నిలవలేదు. జీబీలు లెక్కపెట్టి కొన్నవాళ్లు ఇంటికి తెచ్చుకునేది మాత్రం నాలుగు జీబీలదే.

ఇది పాత, చవక కార్డుల గోల అనుకోవడానికి లేదు. 2021లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060ని 12 జీబీ మెమరీతో తెచ్చింది. 2022 చివర్లో అదే పేరుతో 8 జీబీ రకం వచ్చింది. కోర్లు అవే, 3584. పైకి తగ్గింది 4 జీబీలే. అసలు కోత మెమరీ బస్‌లో, అంటే చిప్‌కూ మెమరీకీ మధ్య డేటా నడిచే దారిలో పడింది: 192 బిట్లు కాస్తా 128 అయ్యాయి. బస్ బిట్లను మెమరీ వేగంతో గుణించి 8తో భాగిస్తే బ్యాండ్‌విడ్త్, అంటే సెకనుకు ఎన్ని జీబీల డేటా అందుతుందో వస్తుంది. ఈ రెండింటి మెమరీ వేగం 15 గిగాబిట్లు కాబట్టి 192ని 15తో గుణించి భాగిస్తే 360, 128తో అయితే 240. సెకనుకు అందే డేటాలో మూడో వంతు పోయింది, పేరులో ఒక్క అక్షరం మారలేదు. నా దృష్టిలో ఇది కొనేవాడి అమాయకత్వం మీద ఆడిన ఆట.

అలాగని బ్యాండ్‌విడ్త్ ఒక్కటే పట్టుకున్నా దెబ్బ తింటాం. తర్వాత వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 బ్యాండ్‌విడ్త్ 272 జీబీలే, అయినా చాలా ఆటల్లో 12 జీబీల 3060 కన్నా ముందుంటుంది. చిప్‌లోపలి ఎల్2 క్యాష్‌ను (మాటిమాటికీ కావాల్సిన డేటాను దగ్గరే దాచుకునే చిన్న మెమరీని) 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచారు, క్లాక్ వేగం కూడా పెరిగింది. కోర్ల లెక్కా అంతే. 4352 కోర్ల 2080 టీఐ, 5888 కోర్ల 3070 ఆటల్లో దాదాపు సమానంగా నడుస్తాయి, ఎందుకంటే 3000 సిరీస్‌లో కోర్లను లెక్కించే తీరే మారింది. ఈ అంకెలన్నీ ఒకే తరం కార్డుల మధ్య పోల్చుకోవడానికి పనికొస్తాయి. తరం మారితే మీరు ఆడే ఆటలో, మీ మానిటర్ రిజల్యూషన్‌లో ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూసుకోవాల్సిందే.

జీబీలకు అసలు విలువే లేదా అంటే, ఉంది. 4060 టీఐ 8 జీబీ, 16 జీబీ రకాలకు చిప్ ఒకటే, బ్యాండ్‌విడ్త్ 288 జీబీలే. ఆట 8 జీబీల్లో సరిపోయినంత వరకు రెండింటికీ తేడా కనిపించదు. టెక్స్‌చర్లు (ఆటలో వస్తువుల పైపూత బొమ్మలు) పెంచి ఆ హద్దు దాటించినప్పుడే చిన్నది తడబడుతుంది. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద సీన్లు రెండర్ చేసేవాళ్లకు, ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడుపుకునేవాళ్లకు మాత్రం ఆ అదనపు మెమరీ నిజంగా అక్కరకొస్తుంది.

కార్డు ఒక్కదాన్నే చూస్తే తేలని సంగతులు కొన్నున్నాయి. 2022 జనవరిలో ఏఎండీ తెచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి పీసీఐఈ లేన్లు, అంటే మదర్‌బోర్డుకూ కార్డుకూ మధ్య డేటా నడిచే దారులు, నాలుగే. నాలుగో తరం స్లాట్‌లో ఎలాగో నెట్టుకొస్తుంది. మూడో తరం మదర్‌బోర్డులో పెడితే ఆ దారి సగమైపోతుంది, ఉన్న 4 జీబీ మెమరీ నిండగానే ఆట ఆగి ఆగి నడుస్తుంది. చవక కార్డు వెతికేవాళ్ల దగ్గరే పాత బోర్డులుంటాయి కదా! దీంట్లో వీడియోను కుదించి రికార్డు చేసే ఎన్‌కోడర్ కూడా లేదు, యూట్యూబ్‌కి గేమ్ రికార్డు చేసేవాళ్లు గమనించాలి.

ఏసీ, ఫ్రిజ్ కొంటే ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుస్తుందో స్టార్ లేబుల్ మీద ఉంటుంది. బస్ వెడల్పు, బ్యాండ్‌విడ్త్, లేన్లు, వాట్లు కార్డు పెట్టె ముందు వైపు వేయమనడం పెద్ద కోరికేం కాదు. గట్టిగా అడిగితే కంపెనీలు వెనక్కి తగ్గుతాయని 2022 అక్టోబర్‌లోనే తేలింది. అసలు 4080లో ఉన్నది కాక వేరే చిప్‌తో అదే పేరు పెట్టుకున్న 12 జీబీ కార్డుపై విమర్శలు రావడంతో ఎన్విడియా దాన్ని విడుదలకు ముందే ఉపసంహరించుకుని, 2023 జనవరిలో 4070 టీఐగా అమ్మింది.

ఇక కరెంటు. స్లాట్ నుంచి కార్డుకు అందేది 75 వాట్లే, అంతకు మించితే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపల కరెంటు పంచే పెట్టె) నుంచి వేరే కేబుల్ కావాలి. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతోనూ రెండు కార్డులున్నాయి: 8 జీబీది 130 వాట్లు, 6 జీబీది 70 వాట్లు. రెండోదానికి కోర్లూ తక్కువే, బస్ వెడల్పూ తక్కువే. కానీ ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొని, దాంట్లో అదనపు కేబుల్ లేక తల పట్టుకునేవాళ్లకు నేను చెప్పేది ఆ 6 జీబీ కార్డే. పెద్ద కార్డు మీదే మనసుంటే ముందు క్యాబినెట్ తెరిచి ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్‌లో 12 వోల్టుల లైన్ ఎన్ని వాట్లిస్తుందో చదవండి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు, కాబట్టి దాని లెక్క కూడా అప్పుడే చూసుకోండి.