నానని గడ్డం, ఆగని ముహూర్తం

బావమరిది పెళ్ళి. ముహూర్తం 10.42కి. ఇంట్లో బాత్రూమ్ ఒక్కటే. బయట తువ్వాళ్ళు భుజాన వేసుకుని పదకొండు మంది, లోపల అల్లుడుగారు. అద్దం నిండా ఎవరెవరో అంటించి మరిచిపోయిన బొట్టుబిళ్ళలు. వాటి మధ్య మిగిలిన జానెడు జాగాలో ఆయనకి ఒకసారికి ఒక చెంప మాత్రమే కనిపిస్తుంది.

"అల్లుడుగారూ, తొందరేం లేదు, నిదానంగా కానివ్వండి" అని మామగారి గొంతు. మామగారు నిదానంగా అన్నారంటే కొంప మునుగుతోందని అర్థం. వెనకే భార్య. ఆవిడకి ఆ మర్యాదల బెడద లేదు. "ఏవండీ, ఇంకా ఎంతసేపు? పిల్లాడు ఆగలేకపోతున్నాడు!"

ఇక ఆయన చేసేది ఇలాంటి సమయంలో మగవాళ్ళంతా చేసేదే. కుళాయి తిప్పి దోసెడు చన్నీళ్ళు మొహాన కొట్టుకుంటాడు. డబ్బా నొక్కి నురగ తీసి చెంపలకి పులిమి, ఆ చెయ్యి కడుక్కోకుండానే రేజరు పెట్టేస్తాడు. అంతా కలిపి అర నిమిషం. మొదటి గీతకే చర్రున చప్పుడు, కంట్లో నీళ్ళు. ఆ చప్పుడు వచ్చిందంటే బ్లేడు కోయడం మానేసి పీకడం మొదలెట్టిందన్నమాట.

తప్పు బ్లేడుది కాదు. గడ్డం వెంట్రుక తల వెంట్రుక కన్నా మందం, పొడిగా ఉంటే మొండిది. నీళ్ళు లోపలికి దిగితే, వెంట్రుకలో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్ పోగుల్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు సడలి, వెంట్రుక కాస్త ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు తెగడానికి కావాల్సిన బలం బాగా తగ్గిపోతుంది. అయితే నీళ్ళు దిగడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. దోసెడు నీళ్ళు కొట్టుకుని వదిలేస్తే తడిసేది బనీను. పైగా ముందురోజు నలుగు పెట్టిన నూనె ఇంకా చెంపల మీదే ఉంది. జిడ్డు మీద నీళ్ళు నిలవవు, జారిపోతాయి. అందుకే ముందు మామూలు సబ్బుతో మొహం శుభ్రంగా కడుక్కోవాలి, తర్వాతే నానబెట్టడం. మినప్పప్పు నాలుగు గంటలు నానందే రుబ్బనివ్వని ఇల్లు అది. అల్లుడి గడ్డానికి మూడు నిమిషాలు ఇవ్వలేకపోయింది.

క్షవర వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు. చెట్టు కింద కుర్చీ వేసుకుని పనిచేసిన పాతతరం వాళ్ళు సబ్బు జోలికి పోకముందే అరచేత్తో నీళ్ళద్ది, గడ్డాన్ని వేళ్ళతో మర్దిస్తూ ఊళ్ళో సంగతులు ఎత్తుకునేవారు. ఎవరి పొలం ఎవరు కొన్నారో తేలేసరికి గడ్డం నానేది. తిరుమల కళ్యాణకట్టలోనైనా ముందు తల తడపమంటారు, ఆ తర్వాతే బ్లేడు.

అన్నిటికన్నా సులువు వేడినీళ్ళ స్నానం చేసి, ఆ తడి మీదే గీసుకోవడం. కానీ అత్తవారింట్లో ఆ మాట పైకి అనడానికి లేదు. "స్నానం చేసి క్షవరమేమిటి నాయనా, మళ్ళీ స్నానం చెయ్యాలిగా!" అని అమ్మమ్మగారు అడ్డం పడతారు. ఆచారం, గడ్డం రెండూ నిలవాలంటే వేడి తువ్వాలే దారి. చిన్న తువ్వాలుని స్నానపు నీళ్ళంత వేడిలో, అంటే సుమారు 40 డిగ్రీల నీళ్ళలో ముంచి పిండి, ముక్కు వదిలేసి గడ్డం మీద కప్పాలి. నిమిషానికి చల్లారుతుంది, మళ్ళీ ముంచాలి. మూడుసార్లు చాలు. మణికట్టు మీద పోసుకుంటే హాయిగా ఉండాలి గానీ చురుక్కుమనకూడదు. పొగలు కక్కే నీళ్ళు పోస్తే పైనున్న జిడ్డుతోపాటు చర్మంలో ఉండాల్సిన నూనె కూడా పోయి, గీయకముందే మొహం కందిపోతుంది. మరీ నిద్ర లేవగానే కూడా గీసుకోకూడదు. అప్పుడు మొహం ఉబ్బి ఉంటుంది. ఓ పావుగంట ఆగితే మేలు, అంటే ఒక కాఫీ. పెళ్ళింట్లో ఆ కాఫీ దొరకడమే కష్టమనుకోండి.

ఇక నురగ. డబ్బా నురగ చూడ్డానికి మొహమంతా నిండుతుంది గానీ అందులో చాలా భాగం గాలి. నురగ ఉండేది అందానికి కాదు, వెంట్రుకల దగ్గర తడిని పట్టి ఉంచడానికి, బ్లేడు జారడానికి. బ్రష్ ఉంటే బాదంపప్పంత క్రీము చాలు. పంది వెంట్రుకల బ్రష్ అయితే మూడు నిమిషాలు నీళ్ళలో నానాలి, సింథటిక్ దానికి ఆ అవసరం లేదు. పిండేసి, క్రీము అద్ది, చెంప మీద గుండ్రంగా ఒక నిమిషం తిప్పుతూ, మధ్యమధ్య బ్రష్ కొసని నీళ్ళలో ముంచాలి. నీళ్ళు తక్కువైతే నురగ రెండో చెంపకి వెళ్ళేలోపే పొరగా ఎండిపోతుంది. ఎక్కువైతే పెద్దపెద్ద బుడగలొచ్చి మెడ మీదికి కారుతుంది. నిగనిగలాడుతూ, బుడగ కంటికి కనబడకుండా ఉంటే కుదిరినట్టు. ఆ తిప్పడంలో వెంట్రుకలు లేచి నిలబడతాయి కూడా.

ఇదంతా చదివి ఎవరైనా బోరు నీళ్ళతో మొదలుపెడితే మాత్రం ఎంత తిప్పినా నురగ రాదు. బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. ఆ తెట్టుకి జారుడు గుణం ఉండదు. వంటింట్లోంచి ఒక గ్లాసు ఫిల్టరు నీళ్ళు తెచ్చి వేడి చేసుకుంటే సరిపోతుంది. అల్లుడుగారు తలుపు ఓరగా తీసి అదే అడిగారు. "పాపం దాహంగా ఉందట" అంటూ లోటాలో మజ్జిగ వచ్చింది.

చెంపల దాకా ఎలాగో నెట్టుకొచ్చినా అసలు గండం మెడ దగ్గర. చెంప మీద వెంట్రుకలు ఇంచుమించు కిందికే పెరుగుతాయి. దవడ దాటాక ఒక్కటీ మాట వినదు, ఒకవైపు పక్కకి, ఇంకోవైపు పైకి. నురగ రాయకముందే వేళ్ళతో నాలుగు దిక్కులా నిమిరి చూసుకోవాలి. ఎటు నిమిరితే నున్నగా ఉందో అటే మొదటి గీత. ఎదురు గీస్తే వెంట్రుక పైకి లాగబడి, చర్మం మట్టం కన్నా కింద తెగుతుంది. తర్వాత పెరిగేటప్పుడు దారి తప్పి చర్మంలోకే గుచ్చుకుని పొక్కు లేస్తుంది. ఉంగరాల వెంట్రుకల వాళ్ళకి ఈ బాధ మరీ ఎక్కువ. ఇంకా నున్నగా కావాలంటే మళ్ళీ నురగ రాసి అడ్డంగా గీయాలి, ఒట్టి చర్మం మీద కాదు. రేజరు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. దాని బరువే చాలు, నొక్కక్కర్లేదు. గొంతు ముడి దగ్గర చర్మాన్ని పక్కకి లాగి, ఆ పక్కన గీయాలి.

అల్లుడుగారు ఎదురు గీశారు, నొక్కి గీశారు, "ఏవండీ!" అన్న కేక పడ్డప్పుడు సరిగ్గా గొంతు ముడి మీదున్నారు.

అదృష్టం ఏమిటంటే రేజరు సొంతది. ఆ అద్దం కింద ఇంకో రేజరు ఉంది, ఎవరిదో ఇంట్లో ఎవరికీ తెలియదు, కానీ అందరూ వాడతారు. ఒకరి రేజరు ఇంకొకరు వాడితే హెపటైటిస్ బి లాంటివి అంటుకునే అవకాశం ఉంది. ఎంత బంధుత్వమైనా ఇందులో మొహమాటం పనికిరాదు.

తెగినచోట పెళ్ళింట్లో మొదట అంటించేది పేపరు ముక్క. రక్తం ఆగుతుంది గానీ, పీకేటప్పుడు మళ్ళీ మొదలవుతుంది. పటిక ముక్కని తడిపి మెల్లగా రుద్ది, అర నిమిషం ఉంచి కడిగేస్తే సన్నటి గాట్లు మూసుకుంటాయి. ఆ ఇంట్లో పటిక లేక కాదు. నల్లతాడుతో గుమ్మానికి కట్టి ఉంది. దిష్టికి కట్టింది విప్పమని అడిగే ధైర్యం ఏ అల్లుడికుంటుంది?

అప్పుడు బావమరిది, "బావా, ఇది కొట్టుకో, చల్లగా ఉంటుంది" అని తన ఆఫ్టర్‌షేవ్ సీసా తలుపు సందులోంచి అందించాడు. సుమారు 42 డిగ్రీల వేడి తగిలితే 'కాలింది' అని మెదడుకి కబురు పంపే గ్రాహకాలు మన చర్మంలో ఉంటాయి. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు 34కి పడిపోతుంది. అంటే సొంత ఒంటి వేడే నిప్పులా కాలుతుంది. గీరుకుపోయిన మొహమైతే ఇక చెప్పేదేముంది. లోపల్నుంచి వచ్చిన కేకకి సన్నాయి ఒక్క క్షణం ఆగింది.

ఇంత జరిగాక చల్లటి నీళ్ళతో కడిగి, రుద్దకుండా తువ్వాలుతో అద్ది, వాసన లేని మాయిశ్చరైజర్ పల్చగా రాసి వదిలెయ్యాలి. అలా ఎవరు వదిలేస్తారు? ఒక పిన్నిగారు పసుపు అద్దారు, ఇంకొకరు దాని మీద పౌడరు. మంట తగ్గలేదు, మొహానికి మాత్రం పెళ్ళికళ వచ్చింది.

అలా కమిలిన చర్మానికి రెండు మూడు రోజులు బ్లేడు చూపించకూడదు. ఎవరైనా అడిగితే మొక్కుందని చెప్పొచ్చు, మొక్కంటే మనవాళ్ళు మారు మాట్లాడరు. కాకపోతే భార్య కడుపుతో ఉన్నప్పుడు భర్త గడ్డం తీయకూడదనే ఆచారం కూడా మనదే. మూడో రోజు సాయంత్రం అత్తగారు కూతుర్ని వంటింట్లోకి పిలిచి మెల్లగా అడిగారు, "ఏమే, ఎన్నో నెల?"