గెలిచినా జైలేనా?

రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ వెబ్‌సైట్ వ్యవస్థాపకుడు జూలియన్ అసాంజేను అమెరికాకు అప్పగించడం కుదరదని లండన్ కోర్టు 2021 జనవరి 4, సోమవారం తేల్చింది. అమెరికా అప్పీలుకు వెళ్తామంది. బుధవారం అదే న్యాయమూర్తి వెనెస్సా బరైట్సర్ ఆయన బెయిల్ పిటిషన్ కొట్టేసి తిరిగి బెల్‌మార్ష్ జైలుకు పంపారు. కేసు గెలిచిన మనిషిని ఏ నేరానికి లోపల ఉంచినట్టు? 2012 నాటి బెయిల్ ఉల్లంఘనకు పడిన శిక్ష 2019 సెప్టెంబరులోనే ముగిసింది. అప్పటి నుంచి ఆయన్ని ఆపింది అప్పగింత కేసు ఒక్కటే. అయినా పెట్టింది కరడుగట్టిన నేరగాళ్లుండే జైల్లో. విచారణప్పుడు కోర్టు హాల్లోనూ అద్దాల బోనే. లాయర్ల పక్కన కూర్చుంటానని అడిగితే ఒప్పుకోలేదు.

2012లో బెయిల్ మీద ఉంటూనే ఈక్వెడార్ ఎంబసీలో ఆశ్రయం పొందారు కాబట్టి మళ్లీ తప్పించుకుంటారన్నది కోర్టు భయం. కాదనలేం. దానికి విరుగుడుగా కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్ వేయొచ్చు, గృహనిర్బంధంలో ఉంచొచ్చు. ఆయన భాగస్వామి, ఇద్దరు పసిపిల్లలు అప్పుడు లండన్‌లోనే ఉన్నారు. అప్పీలు తేలేదాకా కస్టడీయా, బెయిలా అన్నది బ్రిటన్ చట్టం న్యాయమూర్తికే వదిలేసింది. అమెరికా జైళ్లకు పంపితే ఆత్మహత్య చేసుకునే ముప్పుందని సోమవారం చెప్పిన న్యాయమూర్తే, కరోనా వేళ కస్టడీని ఎంచుకున్నారు.

అదే లండన్‌లో మన విజయ్ మాల్యా సంగతి చూడండి. 2017లో అరెస్టయిన రోజే ఆరున్నర లక్షల పౌండ్ల పూచీకత్తుపై బయటికొచ్చారు. భారత్‌కు అప్పగింత కేసులో 2018 డిసెంబరులో కింది కోర్టులో ఓడారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టులో ఓడారు. మే నెలలో బ్రిటన్ సుప్రీంకోర్టుకు వెళ్లే అనుమతీ దొరకలేదు. 2021 జనవరి నాటికీ బెయిల్ మీదే ఉన్నారు. మాల్యాను లోపలేయాల్సిందని మేం అనడం లేదు. ఓడిన వ్యక్తికి దక్కిన బెయిల్ గెలిచిన వ్యక్తికి ఎందుకు దక్కలేదని అడుగుతున్నాం.

అసాంజేపై అమెరికా అప్పట్లో మోపిన 18 అభియోగాల్లో చాలావరకు ఆ దేశ రహస్య పత్రాలు సంపాదించి బయటపెట్టినందుకే. రేపు ఏ ప్రభుత్వమైనా తనకు గిట్టని విలేకరిపై ఇలాంటి కేసే పెట్టొచ్చు. ఓడిపోయినా ఫర్వాలేదు, అప్పీలుకు వెళ్తామంటే చాలు, ఆ మనిషి నెలల తరబడి లోపలే మగ్గాలి. బుధవారం లండన్ వేసిన దారి ఇదే.

అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించే హెబియస్ కార్పస్‌కు 1679లోనే చట్టం చేసుకున్న దేశం అది. అదే బుధవారం హాంకాంగ్‌లో 50 మందికి పైగా ప్రజాస్వామ్యవాదుల అరెస్టును అప్పటి బ్రిటన్ విదేశాంగ మంత్రి డొమినిక్ రాబ్ ఖండించారు. ఖండించాల్సిందే. కానీ గెలిచిన మనిషిని తన జైల్లోనే పెట్టుకుని ఇంకొకరికి స్వేచ్ఛ గురించి చెబితే వినేదెవరు? ట్యాగ్ తగిలించి అసాంజేను అప్పుడే ఇంటికి పంపాల్సింది.