మోనుమెంటల్ తలుపులు తెరవండి, ఆంబోతుల కోసం కాదు

బార్సిలోనాలో ఆంబోతుల పోరు చివరిసారి జరిగింది 2011 సెప్టెంబరు 25న, ఇటుక గోడల మీద నీలం, తెలుపు పలకలు పొదిగి, గుడ్డు ఆకారపు గుమ్మటాలతో నిలిచిన మోనుమెంటల్ అనే బరిలో. (మనం అలవాటుగా ఎద్దుల పోరు అంటాం గానీ, అక్కడ బరిలోకి వదిలేవి విత్తు కొట్టించని ఆంబోతులు.) మెడ కండరాలను ఈటెతో చీల్చి, తల ఎత్తలేని స్థితికి తెచ్చాక పశువు వెన్నులోకి కత్తి దించడాన్ని కళ అనడానికి నా మనసు ఒప్పదు. అందుకే, సుమారు 1,80,000 మంది సంతకాలతో వచ్చిన ప్రతిపాదనను 2010 జులై 28న, బార్సిలోనా రాజధానిగా ఉన్న స్పెయిన్ ప్రాంతం కాటలోనియా శాసనసభ 68–55 ఓట్లతో ఆమోదించి పోరును నిషేధించడం న్యాయమేనని నమ్ముతాను.

నాకు అభ్యంతరం ఉన్నది ఆ తర్వాత స్థిరపడిన ఒక మాట మీద: ఈ పోరు స్పెయిన్‌ది, కాటలన్లమైన మాది కాదు అన్న మాట మీద. చరిత్ర అలా చెప్పడం లేదు. 1834లో బార్సిలోనాలోని బార్సిలోనెటా పేటలో ఎల్ తొరీన్ అనే బరి కట్టారు. మరుసటి ఏడాది జులై 25న, వదిలిన ఆంబోతులు నాసిగా ఉన్నాయని ఆగ్రహించిన ప్రేక్షకులు చచ్చిన ఆంబోతును తాడు కట్టి వీధుల్లో ఈడ్చుకెళ్లారు, ఆ రాత్రే నగరంలోని మఠాలు తగలబడ్డాయి. 1900లో లాస్ అరేనాస్, 1914లో మోనుమెంటల్ వచ్చాయి, కొన్నేళ్లపాటు ఒక్క నగరంలోనే మూడు బరులు నడిచాయి. వాటి మెట్లు నింపినది ఆ ఊరి జనం కాక ఇంకెవరు? పైగా, ఆంబోతులను, కొన్నిసార్లు కొమ్ములకు నిప్పు కాగడాలు బిగించి మరీ, వీధుల్లోకి వదిలే ‘కొర్రెబౌస్’ వేడుకలను నిషేధం నుంచి మినహాయించి, 2010లోనే వాటికి ప్రత్యేక చట్టం చేసింది కూడా ఆ శాసనసభే. జీవకారుణ్యం ఒక్కటే కారణమైతే ఆ మినహాయింపును ఎలా సమర్థిస్తారు?

2016లో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం నిషేధాన్ని కొట్టివేసినా, ఈ నగరంలో పోరు మళ్లీ జరగలేదు. అది మంచిదే. కానీ లాస్ అరేనాస్‌కు ఏమైందో చూడండి: పాత గోడను మాత్రం నిలబెట్టి, లోపలంతా తవ్వి, 2011లో దాన్ని దుకాణాల సముదాయంగా తెరిచారు. పై అంతస్తు నుంచి ఎస్పాన్యా కూడలి అందంగా కనిపిస్తుంది గానీ, కింద ఒకప్పుడు ఇసుకలో ఎన్ని ప్రాణాలు పోయాయో ఆ అంగళ్ల వెలుగులో ఎవరికీ తట్టదు. మోనుమెంటల్‌కు ఆ గతి పట్టకూడదు. 1965లో బీటిల్స్ పాడినదీ ఈ వలయంలోనే కనుక, సంగీతానికి ఇది కొత్త చోటు కాదు, కచేరీలు పెట్టుకోవచ్చు. అయితే కచేరీలతో పాటు అక్కడ ఒక శాశ్వత ప్రదర్శనశాల ఉండాలి: ఆంబోతులను నిలిపిన కొట్టాలు, ఈటెలు, కత్తులు, టికెట్లు, నిషేధం కోరిన సంతకాల పత్రాలు, వాటిని వ్యతిరేకించినవారి మాటలు, అన్నీ ఒకే కప్పు కింద, ఏదీ దాచకుండా చూపాలి.