రెండో బోరా, గడ్డివామా?

పలమనేరు దగ్గరి పల్లెలో నాలుగు జెర్సీ సంకర ఆవులను సాకుతున్న మేనల్లుడు, పచ్చిమేతకు పెంచే నేపియర్ గడ్డి ఎండిపోతోందని రెండో బోరు వేయించాలనుకుంటున్నాడు. మామ వద్దంటున్నాడు.

మేనల్లుడు: పచ్చిమేత తగ్గితే పాలు తగ్గుతాయి మామా. పాల బిల్లుతోనే ఇల్లు గడుస్తోంది. ఇంకా లోతుకు బోరు దించడం తప్ప నాకు దారి లేదు.

మామ: నేపియర్‌కు వారం పది రోజులకొక తడి కావాలి. ఎండాకాలంలో పాలిచ్చే ఆవుకు తాగడానికే రోజుకు 60 లీటర్ల దాకా కావాలి. ఉన్న నీళ్లన్నీ గడ్డికి పారిస్తే రేపు తొట్టిలోకి ఏం పోస్తావు? ఈ నేలలో మేతను వానకు పండించి, ఎండకు దాచుకోవాలి.

మేనల్లుడు: దాచడానికి ఏముంది? వేరుశనగ వేసేవాళ్లంతా టమోటాకూ మామిడికీ మళ్లారు; కాయ తీసిన వేరుశనగ కట్టె మేతకు కొనాలంటే దొరకదు. జొన్న వేద్దామంటే, లేత పైరు నీళ్లు లేక బెట్టకొచ్చినప్పుడు మేసిన పశువు నాము, అంటే జొన్నలోని విషం, తగిలి చస్తుంది. పుంగనూరు ఆవు తక్కువ మేతతో బతుకుతుందని అంటారు గానీ, అది ఇచ్చే రెండు మూడు లీటర్లతో అప్పు తీరదు. అసలు మేత బీడును దున్ని మామిడి నాటింది మీ తరం వాళ్లు కాదా?

మామ: బీడు పోయిన మాట నిజమే. దాన్ని విడిపించమని పంచాయతీలో అడుగుదాం, నేనూ వస్తాను. కానీ ఈ వేసవికి అది నీ ఆవు కడుపు నింపదు. నీ జెర్సీలను అమ్మమనీ నేను అనలేదు. నాము భయం లేత జొన్నకూ, బెట్టకొచ్చిన పచ్చి పైరుకూ. పూత వచ్చాక కోసి ఎండబెట్టిన చొప్ప మేపవచ్చు. కళ్లం దగ్గర వానకు నానుతున్న నీ వరిగడ్డిని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతోంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ సమంగా చల్లి తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచు. గడ్డి మెత్తబడుతుంది, మాంసకృత్తులు పెరుగుతాయి. విప్పాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి కొద్దికొద్దిగా అలవాటు చెయ్యి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం వేయవద్దు, యూరియా నీళ్ల బక్కెట్టును ఏ పశువుకూ అందనివ్వవద్దు. గట్ల మీద అవిశ నాటితే పిడికెడు పచ్చాకైనా దొరుకుతుంది. బోరుకు పెట్టే డబ్బులో కొంత పెట్టి గడ్డి కత్తిరించే యంత్రం కొంటే, కాళ్ల కింద తొక్కి పారేసే చొప్పంతా మేతలోకి వస్తుంది.

మేనల్లుడు: నేపియర్ తిన్నప్పుడు ఇచ్చిన పాలు ఈ గడ్డితో వస్తాయా?

మామ: ఒక్క గడ్డితోనే అన్ని పాలు రావు, దాణా తగ్గించకూడదు, ఉన్న కాస్త పచ్చిగడ్డిని పాలిచ్చే ఆవులకే వేయాలి. వట్టిపోయిన రెండింటికీ నేపియర్ ఎందుకు?

మేనల్లుడు: సరే, వట్టిపోయిన వాటికి ఈ గడ్డే వేస్తాను. పాలిచ్చే వాటిలో ఒకదానికి కొద్దిగా కలిపి చూస్తాను. పాల బిల్లు పడిపోతే మాత్రం బోరు వేసే రిగ్గును పిలుస్తాను మామా, అప్పుడు అడ్డుపడవద్దు.